పాఠం 19: రైలెక్కే ముందు రాయవలసిన ఉత్తరం

19.0 పాఠ పరిచయం

కిందటి పాఠంలో మీరు కార్యాలయాలకు రాసే ఉత్తరాల గురించి తెలుసుకున్నారు. కార్యాలయానికి రాసే ఉత్తరంలో మన కోపతాపాలకు చోటుండదు. అందుచేత దానికొక పద్ధతి నేర్చుకుంటే చాలు. సొంత మనుషులకు, అందులోనూ మాట పడని సమయంలో రాసే ఉత్తరం అంతకన్న కష్టమైనది. అటువంటి ఉత్తరాన్ని ఈ పాఠంలో చూద్దాం.

భార్యాభర్తలు విడిగా ఉండాలని నిర్ణయించుకున్నారు. వారిలో ఒకరు బిడ్డను తీసుకుని వేరే రాష్ట్రానికి వెళ్ళవలసి వచ్చింది. ఇది ఇవాళ చాలా కుటుంబాల్లో ఎదురయ్యే పరిస్థితి. ఇలాంటప్పుడు ఎవరికి ఏమి తెలియజెయ్యాలి? ఏ మాట రాయాలి, ఏ మాట రాయకూడదు? చట్టం దేన్ని చూస్తుంది? ఈ ప్రశ్నలకు జవాబులు తెలియకపోవడం వల్ల సులువుగా తేలవలసిన విషయాలు ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలుగుతున్నాయి. వాటి మధ్య నలిగేది బిడ్డ.

19.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:

- విడిపోయిన తల్లిదండ్రుల బిడ్డ విషయంలో చట్టం ముఖ్యంగా దేన్ని చూస్తుందో చెప్పగలుగుతారు;
- "సాధారణ నివాసం" అంటే ఏమిటో వివరించగలుగుతారు;
- కోపంతో రాసిన ఉత్తరానికి, ప్రయోజనం కోరి రాసిన ఉత్తరానికి తేడా గుర్తించగలుగుతారు;
- మా, మన అనే మాటల తేడాను సందర్భానుసారంగా వాడగలుగుతారు;
- బడి మార్పు కోసం దరఖాస్తు రాయగలుగుతారు.

19.2 ఒక కుటుంబం

జంషెడ్‌పూర్ ఇప్పుడు జార్ఖండ్ రాష్ట్రంలో ఉంది. 2000 నవంబర్ 15 వరకు అది బీహారులో భాగం. 1907లో ఏర్పడిన టాటా ఇనుము-ఉక్కు కంపెనీ ఇక్కడ కర్మాగారం కట్టి, 1912లో ఉక్కు తయారీ మొదలుపెట్టింది. పని వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు కూడా వచ్చి స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారు కట్టుకున్నదే. మూడు, నాలుగు తరాలు గడిచాయి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు. చాలా కుటుంబాల్లో పిల్లలకు తెలుగు మాట వచ్చు, రాత రాదు.

ఇప్పుడు అటువంటి ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. కదమాలో కాపురం. తండ్రి ఒక కర్మాగారంలో షిఫ్టు పని చేస్తాడు. తల్లి పుట్టిల్లు విజయనగరం. తొమ్మిదేళ్ళ కూతురు నాలుగో తరగతి చదువుతోంది. ఆలుమగలకు రెండేళ్ళుగా పొసగడం లేదు. కొట్టుకోవడాలు, తిట్టుకోవడాలు లేవుగాని ఇంట్లో మాటలే కరవయ్యాయి. కొంతకాలం విడిగా ఉండాలని ఇద్దరూ అనుకున్నారు. తల్లికి విజయనగరంలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. పాపను తనతో తీసుకువెళ్ళాలని ఆమె కోరిక.

ఆమె ముందు రెండు దారులున్నాయి. ఒకటి: భర్త డ్యూటీకి వెళ్ళిన వేళ పాపను తీసుకుని టాటానగర్ స్టేషన్‌లో రైలెక్కడం. రెండు: ముందుగా రాసి, మాట్లాడి, ఒప్పించి వెళ్ళడం. మొదటి దారి తొందరగా అయిపోతుంది. అయితే అసలు కష్టాలు రైలు దిగిన తరవాతే మొదలవుతాయి. ఎందుకో తెలియాలంటే చట్టం ఏమంటుందో చూడాలి.

19.3 చట్టం దేన్ని చూస్తుంది?

(అ) బిడ్డ మేలు

హిందువులకు వర్తించే 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం మైనరు బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన "తరవాత" తల్లి. అయిదేళ్ళు నిండని బిడ్డ మాత్రం మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని అదే సెక్షన్ చెబుతుంది. "తరవాత" అన్న ఈ ఒక్క మాట మీద పెద్ద వివాదమే నడిచింది. రచయిత్రి గీతా హరిహరన్ 1984లో తన కొడుకు పేర బాండ్లు కొనబోతే, సంరక్షకురాలిగా ఆమె సంతకం చెల్లదని, తండ్రి సంతకం కావాలని రిజర్వు బ్యాంకు అన్నది. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళింది. "తరవాత" అంటే తండ్రి చనిపోయిన తరవాత అని మాత్రమే కాదు, ఏ కారణం చేతనైనా ఆయన బిడ్డ బాధ్యత చూడని పరిస్థితి కూడా అందులోకి వస్తుందని 1999లో కోర్టు తీర్పు చెప్పింది. ఒక మాట అర్థం ఎంత పని చేస్తుందో ఇక్కడ గమనించండి.

ఈ చట్టంలోనే 13వ సెక్షన్ ఉంది. బిడ్డ మేలే అన్నిటికన్న ముఖ్యం అని అది చెబుతుంది. అంటే "తండ్రిని కాబట్టి నా హక్కు", "తల్లిని కాబట్టి నా హక్కు" అనే వాదం ఒక్కటే చాలదు. బిడ్డ చదువు, ఆరోగ్యం, అలవాటైన పరిసరాలు, ఇద్దరితోనూ ఉన్న అనుబంధం, వీటన్నిటినీ న్యాయమూర్తి చూస్తారు. బిడ్డ ఆలోచించి చెప్పగల వయసుకు వచ్చి ఉంటే బిడ్డ ఇష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చునని 1890 నాటి సంరక్షకుల, సంరక్షితుల చట్టంలోని 17వ సెక్షన్ చెబుతుంది. ఈ 1890 చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది.

(ఆ) సాధారణ నివాసం

బిడ్డ సంరక్షణ కోసం దరఖాస్తు ఏ ఊరి కోర్టులో వెయ్యాలి? బిడ్డ "సాధారణంగా నివసించే" చోట ఉన్న కోర్టులో వెయ్యాలని 1890 చట్టం 9వ సెక్షన్ అంటుంది. మన ఉదాహరణలోని పాప పుట్టి పెరిగింది, చదువుతున్నది జంషెడ్‌పూర్‌లో. ఆమెను నిన్న రాత్రి రైల్లో విజయనగరం తీసుకువెళ్ళినంత మాత్రాన ఇవాళ ఆమె సాధారణ నివాసం విజయనగరం అయిపోదు.

దీనికి తెలుగువారి కుటుంబంలోనే ఒక నిదర్శనం ఉంది. అమెరికాలో స్థిరపడిన ఒక జంట విషయంలో తల్లి అక్కడే విడాకుల దావా వేసింది. తరవాత 2017లో ఇద్దరు పిల్లలతో హైదరాబాదు వచ్చి, ఇక్కడ సంరక్షణ కోసం దరఖాస్తు పెట్టింది. పిల్లలు ఇక్కడికి వచ్చింది కొద్దికాలం కిందటే గనక హైదరాబాదు వారి సాధారణ నివాసం కాదని హైకోర్టు అన్నది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే బలపరచి, పిల్లలు తిరిగి అమెరికా వెళ్ళాలని చెప్పింది. దేశాలు దాటినా, రాష్ట్రాలు దాటినా అడిగే ప్రశ్న ఒకటే: బిడ్డ వేళ్ళూనుకున్నది ఎక్కడ?

విడాకుల విషయం కొంచెం వేరు. హిందూ వివాహ చట్టానికి 2003లో చేసిన సవరణ వల్ల, భార్య తాను ప్రస్తుతం ఉంటున్న ఊరి కోర్టులోనే దావా వెయ్యవచ్చు. కనుక ఒకే కుటుంబం గురించి విజయనగరంలో ఒక కేసు, జంషెడ్‌పూర్‌లో మరొక కేసు నడిచే అవకాశం ఉంది. వేరు వేరు రాష్ట్రాల్లో ఉన్న కేసులను ఒక చోటికి మార్చాలంటే సుప్రీంకోర్టుకే వెళ్ళాలి. జబల్‌పూర్‌లో భర్త వేసిన కేసును హైదరాబాదుకు మార్చమని ఒక భార్య అలాగే వెళ్ళింది. ఇలాంటి ప్రయాణాల భారం తగ్గించడానికి వీడియో ద్వారా విచారణ జరపవచ్చునని ఆ కేసులో 2017 మార్చిలో కోర్టు సూచించింది. అదే ఏడు అక్టోబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని మార్చింది. రాజీ ప్రయత్నాలు ముగిసిన తరవాత, ఇద్దరూ కోరితేనో, కుటుంబ న్యాయస్థానం అవసరమనుకుంటేనో వీడియో విచారణ జరపవచ్చునని అన్నది.

(ఇ) వెళ్ళడం నేరమా?

కాదు. కోర్టు ఉత్తర్వేదీ లేనప్పుడు తల్లిగాని తండ్రిగాని బిడ్డతో వేరే ఊరు వెళ్ళి ఉండడాన్ని ఏ చట్టమూ ఏకమొత్తంగా నిషేధించలేదు. కాని ఉత్తర్వు ఉన్నప్పుడు సంగతి వేరు. కోర్టు నియమించిన సంరక్షకులు కోర్టు అనుమతి లేకుండా బిడ్డను ఆ కోర్టు పరిధి దాటించకూడదని 1890 చట్టం 26వ సెక్షన్ చెబుతుంది. వివాహ కేసు నడుస్తుండగా బిడ్డ గురించి మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి ఉంటే దాన్ని మీరడం కోర్టు ధిక్కారం కిందికి రావచ్చు.

వెళ్ళడానికి కోర్టులు ఒప్పుకోవని కూడా అనుకోకండి. ఉద్యోగం కోసం బిడ్డతో ఆస్ట్రేలియా వెళ్ళడానికి ఒక తల్లిని 2010లో సుప్రీంకోర్టు అనుమతించింది. తల్లి తన బతుకుతెరువు చూసుకోవడం తప్పు కాదన్నది. న్యాయమూర్తులు పిల్లవాడితో స్వయంగా మాట్లాడారు. తండ్రి తన బిడ్డను కలుసుకునే ఏర్పాటు కూడా చేశారు. సంరక్షణ గురించి ఇచ్చే ఉత్తర్వు శాశ్వతం కాదని, బిడ్డ అవసరాలను బట్టి మార్చవచ్చునని కూడా ఆ తీర్పు చెబుతుంది.

కాబట్టి కోర్టు చూసేది వెళ్ళారా లేదా అని మాత్రమే కాదు. ఎలా వెళ్ళారు, రెండో వారికి చెప్పారా, బిడ్డకు రెండో వారితో బంధం నిలిచే ఏర్పాటు చేశారా అని కూడా చూస్తుంది. ఈ ప్రశ్నలకు జవాబు ఇవ్వగలిగేది రైలెక్కే ముందు రాసిన ఉత్తరం.

పాఠ్యగత ప్రశ్నలు 19.1

ఖాళీలను పూరించండి.

1. బిడ్డ సంరక్షణ విషయంలో అన్నిటికన్న ముఖ్యమైనది __________.
2. సంరక్షణ దరఖాస్తును బిడ్డ __________ చోట ఉన్న కోర్టులో వెయ్యాలి.
3. "తరవాత" అనే మాటకు సుప్రీంకోర్టు కొత్త అర్థం చెప్పిన సంవత్సరం __________.

19.4 మొదటి ఉత్తరం

మన ఉదాహరణలోని తల్లి ముందు ఈ విధంగా రాసింది:

"పాప నాన్నగారికి,

ఇక నా వల్ల కాదు. పదేళ్ళుగా ఎంత ఓర్చుకున్నానో ఆ దేవుడికే తెలుసు. మీ అమ్మగారి చేత మాటలు పడీ పడీ విసిగిపోయాను. నా కూతుర్ని తీసుకుని మా ఊరు వెళ్ళిపోతున్నాను. మా కోసం రావద్దు. ఏమైనా ఉంటే మా అన్నయ్యతో మాట్లాడుకోండి."

ఈ ఉత్తరంలో అబద్ధం ఏమీ ఉండకపోవచ్చు. ఆమె బాధ నిజమే. కాని ఈ ఉత్తరం ఏం పని చేస్తుందో ఆలోచించండి. చదివిన తండ్రికి పాప ఏ బడిలో చేరుతుందో తెలియదు. ఆమెతో ఎప్పుడు మాట్లాడవచ్చో తెలియదు. అసలు మళ్ళీ చూస్తాడో లేదో తెలియదు. అతనికి తెలిసింది ఒక్కటే, తనను బయట పెట్టారని. రేపు ఈ కాగితమే ఒక వకీలు చేతిలోకి వెళుతుంది. "తండ్రిని రావద్దని రాసింది చూడండి" అని న్యాయమూర్తికి చూపిస్తారు. కోపం తీర్చుకోవడానికి రాసిన ఆరు వాక్యాలు ఆమెకే ఎదురు సాక్ష్యం అవుతాయి.

ఇందులో భాషను కూడా గమనించండి. "నా కూతురు", "మా ఊరు", "మా కోసం", "మా అన్నయ్య". ప్రతి చోటా నా, మా. తెలుగులో మా అంటే ఎదుటి మనిషిని కలుపుకోనిది. మన అంటే ఎదుటి మనిషిని కూడా కలుపుకున్నది. హిందీ, ఇంగ్లీషు భాషల్లో ఈ రెంటికీ ఒకే మాట. తెలుగులో మాత్రం ఒక్క అక్షరం మారితే మనిషి లోపలి నుంచి బయటికి వెళతాడు. విడిపోయిన తరవాత ఇల్లు మనది కాకపోవచ్చు. పాప మాత్రం ఎప్పటికీ మన పాపే.

"వెళ్ళిపోతున్నాను" అన్న క్రియను చూడండి. వెళ్ళు అనే ధాతువుకు పోవు చేరినప్పుడు పని తెగిపోయిందని, వెనక్కి రాదని స్ఫురిస్తుంది. "వెళ్ళాలనుకుంటున్నాను" అంటే ఎదుటివారి మాటకు ఇంకా చోటుందని అర్థం.

19.5 రెండో ఉత్తరం

ఆమె ఆ ఉత్తరాన్ని పంపలేదు. రెండు రోజులు ఆగి మళ్ళీ రాసింది:

"కదమా, జంషెడ్‌పూర్,
జనవరి 20.

పాప నాన్నగారికి,

ఈ ఉత్తరం మన కాపురం గురించి కాదు. మన పాప గురించి. మిగిలిన విషయాలు పెద్దల ఎదుటో, అవసరమైతే కోర్టులోనో మాట్లాడుకుందాం.

నాకు విజయనగరంలో ఉద్యోగం దొరికింది. ఏప్రిల్ 15న చేరాలి. పాపను నాతో తీసుకువెళ్ళాలనుకుంటున్నాను. మార్చిలో సంవత్సరాంతపు పరీక్షలు అయిపోయేదాకా ఇక్కడి నుంచి కదలం. అక్కడి రాష్ట్ర బోర్డు బడులు వేసవి సెలవుల తరవాత జూన్‌లో తెరుస్తారు కాబట్టి పాపకు ఏడు పోదు. తెలుగు చదవడం, రాయడం ఆ రెండు నెలల్లో అమ్మమ్మ దగ్గర నేర్చుకుంటుంది. రెండు బడుల పేర్లు, ఫీజుల వివరాలు ఈ ఉత్తరంతో పెడుతున్నాను. ఏది మంచిదో మీరు కూడా చెప్పండి.

మేము మా అమ్మగారింట్లో ఉంటాం. చిరునామా మీకు తెలుసు. ఇల్లు మారితే పదిహేను రోజుల ముందు మీకు రాస్తాను.

రోజూ రాత్రి 8 గంటలకు పాప మీతో ఫోనులో మాట్లాడుతుంది. దసరా సెలవులకు మీ దగ్గరికి పంపిస్తాను. సంక్రాంతికి మీరు వస్తే పాపను మీతో ఎక్కడికైనా తీసుకువెళ్ళవచ్చు. వేసవి సెలవుల్లో సగం మీ దగ్గర, సగం నా దగ్గర. ఒంటరిగా రైల్లో పంపను. నేనో, మా అన్నయ్యో తీసుకువస్తాం.

ఫీజు, పుస్తకాల ఖర్చు చెరి సగం అనుకుంటున్నాను. మీరేమంటారో చెప్పండి.

పాపకు ఇంకా ఏమీ చెప్పలేదు. ఇద్దరం కలిసి చెబితే బాగుంటుంది. ఫిబ్రవరి 10 లోగా మీ అభిప్రాయం రాయండి. అంతవరకు ఏ ఏర్పాటూ చెయ్యను."

ఈ ఉత్తరంలో ఏడు అంశాలున్నాయి: వెళ్ళడానికి కారణం, తేదీ, బడి, చిరునామా, తండ్రితో కలయిక, ఖర్చు, జవాబుకు గడువు. తిట్టు ఒక్కటీ లేదు, పొగడ్తా లేదు. క్షమాపణ కూడా చెప్పలేదు. ఆమె తన నిర్ణయాన్ని దాచలేదు, అలాగని దాన్ని రుద్దనూ లేదు. ఇటువంటి ఉత్తరం రాయడం లొంగిపోవడం కాదు. ఎక్కడ "మా", ఎక్కడ "మన" వాడిందో మీరే గుర్తు పెట్టి చూడండి. "మేము మా అమ్మగారింట్లో ఉంటాం" అన్నచోట మా సరైనదే, ఎందుకంటే ఆయన అక్కడ ఉండడు.

19.6 తండ్రి జవాబు

వారం తరవాత జవాబు వచ్చింది:

"పాప అమ్మకు,

ఉత్తరం చదివాను. నాకిష్టం లేదు. అయినా నువ్వు చెప్పి చేస్తున్నావు కాబట్టి నేనూ చెబుతున్నాను.

రాత్రి 8 గంటలకు ఫోను అన్నావు. బి షిఫ్టు అయితే పది దాకా నేను లోపలే ఉంటాను. ఆ వారాల్లో పాప బడికి వెళ్ళక ముందు పొద్దున 7 గంటలకు మాట్లాడించు. నాలుగేళ్ళుగా ఆదివారం సాయంత్రం జూబిలీ పార్కుకు పాప నాతోనే వస్తోంది. దానికి బదులు ఏమిటో నీ ఉత్తరంలో లేదు. మూడు నెలలకొకసారి శని, ఆదివారాలు నేనే విజయనగరం వస్తాను. ఆ రెండు రోజులు పాప నాతో ఉండాలి. మా అమ్మ కూడా పాపతో మాట్లాడాలంటోంది. నీకూ ఆవిడకూ ఏమున్నా నానమ్మను పాపకు దూరం చెయ్యకు.

ఒక ఏడు చూద్దాం. వచ్చే మార్చిలో పాప ఎలా ఉందో చూసి మళ్ళీ మాట్లాడుకుందాం. అప్పుడు పాపను కూడా అడుగుదాం. ఇది రాసిపెట్టు. ఫీజు మొత్తం నేను కడతాను."

తండ్రి ఒప్పుకోలేదు, అడ్డుపడనూ లేదు. తల్లి ఉత్తరంలో కనబడని లోపాలను ఆయన చూశాడు. షిఫ్టు వేళలు ఆమెకు తెలియనివి కావు, కాని రాసేటప్పుడు తట్టలేదు. ఆదివారం సాయంత్రం పార్కుకు వెళ్ళడం పెద్దలకు చిన్న విషయం. తొమ్మిదేళ్ళ పిల్లకు నాన్న అంటే అదే. జాబితాలో చేరని ఇటువంటి విషయాలు రెండో మనిషి నోట వింటేనే తెలుస్తాయి. ముందుగా రాయడం వల్ల కలిగే పెద్ద లాభం ఇది.

ఇలా కుదిరిన మాటలను ఒక కాగితం మీద వరసగా రాసి ఇద్దరూ సంతకం చెయ్యాలి. నోటరీ ముద్ర వేయించినంత మాత్రాన అది కోర్టు ఉత్తర్వు అయిపోదు. ఇద్దరూ ఒప్పుకున్నా బిడ్డకు మేలు కాదనుకుంటే కోర్టు దాన్ని మార్చవచ్చు. అయినా అది మంచి సాక్ష్యం. దానికి బలం రావాలంటే కుటుంబ న్యాయస్థానంలో దాఖలు చేసి ఉత్తర్వు పొందాలి. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం ప్రకారం రాజీకి ప్రయత్నించడం ఆ కోర్టు బాధ్యత. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా మధ్యవర్తిత్వం కూడా పొందవచ్చు. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. సహాయం కోసం 15100 నంబరుకు ఫోను చెయ్యవచ్చు.

పాఠ్యగత ప్రశ్నలు 19.2

ఒకటి రెండు వాక్యాల్లో జవాబు రాయండి.

1. మొదటి ఉత్తరం తల్లికే ఎదురు సాక్ష్యం ఎలా అవుతుంది?
2. రెండో ఉత్తరంలో తట్టని ఏ రెండు విషయాలను తండ్రి ఎత్తి చూపాడు?
3. "మన పాప", "మా పాప" అనే మాటల తేడా ఏమిటి?

19.7 బడి మార్పు దరఖాస్తు

రాష్ట్రం మారేటప్పుడు బిడ్డకు ముఖ్యమైన కాగితం బదిలీ ధ్రువపత్రం, అంటే టీసీ. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు 2009 నాటి విద్యా హక్కు చట్టం వర్తిస్తుంది. రాష్ట్రం లోపల గాని, వెలుపల గాని, ఏ కారణం చేతనైనా మరొక బడికి మారే హక్కు బిడ్డకు ఉందని ఆ చట్టం 5వ సెక్షన్ చెబుతుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చేరేందుకు ఈ హక్కు వర్తిస్తుంది. ఎయిడ్ లేని ప్రైవేటు బడులకు, కేంద్రీయ విద్యాలయాల వంటి వాటికి వర్తించదు. ప్రధానోపాధ్యాయులు టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడివారు చేర్చుకోకుండా ఉండకూడదు. వయసు రుజువు లేదని కూడా నిరాకరించకూడదు.

దరఖాస్తు నమూనా చూడండి:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు,

విషయం: బదిలీ ధ్రువపత్రం కోసం.

అయ్యా/అమ్మా, మా అమ్మాయి మీ పాఠశాలలో 4వ తరగతి, బి సెక్షన్‌లో చదువుతున్నది. నేను ఉద్యోగరీత్యా ఆంధ్రప్రదేశ్‌లోని విజయనగరానికి మారుతున్నాను. అందుచేత సంవత్సరాంతపు పరీక్షల అనంతరం బదిలీ ధ్రువపత్రం, ప్రగతి పత్రం ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. ఈ మార్పు బాలిక తండ్రికి తెలుసు. వారి సంతకం కింద ఉంది."

ఇక్కడ "మా అమ్మాయి" అనడమే సరి. ప్రధానోపాధ్యాయులు ఆ కుటుంబంలోని వారు కారు గదా! విడిపోవడం గురించి దరఖాస్తులో రాయనక్కరలేదు. అది బడికి అవసరం లేని విషయం, తరగతి గది దాకా పాకి పిల్లను బాధపెట్టే విషయం. కొత్త బడిలో మాత్రం తల్లిదండ్రులిద్దరి పేర్లు, ఫోను నంబర్లు నమోదు చేయించండి.

19.8 ఉత్తరం పనికిరాని సందర్భం

పైన చెప్పినదంతా ఇద్దరూ ఒకరికొకరు భయపడకుండా మాట్లాడుకోగలిగిన ఇంటికి వర్తిస్తుంది. ఇంట్లో కొట్టడం, బెదిరించడం, బిడ్డకు హాని తలపెట్టడం జరుగుతుంటే ముందుగా ఉత్తరం రాయడం ప్రమాదం. అక్కడ మొదట క్షేమమైన చోటికి చేరాలి, కాగితం తరవాత. మహిళల సహాయ నంబరు 181. అత్యవసరమైతే 112. గృహహింస నుంచి రక్షణ కల్పించే 2005 నాటి చట్టం ప్రకారం బాధితురాలు తాత్కాలికంగా తలదాచుకున్న ఊళ్ళోని మేజిస్ట్రేటును కూడా ఆశ్రయించవచ్చు. బిడ్డను తాత్కాలికంగా ఆమె దగ్గర ఉంచుతూ ఆ మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఇలా వెళ్ళినవారు ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో తేదీలతో సహా రాసిపెట్టుకోవాలి, వెంటనే కోర్టును ఆశ్రయించాలి. ఆలస్యం చేసిన కొద్దీ చెప్పే మాటకు బలం తగ్గుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

సంరక్షకత్వం = మైనరు బాగోగులు, ఆస్తి చూసే బాధ్యత
మధ్యంతర ఉత్తర్వు = కేసు తేలేలోగా ఇచ్చే తాత్కాలిక ఆజ్ఞ
పరిధి = ఒక కోర్టు అధికారం చెల్లే ప్రాంతం
ధిక్కారం = కోర్టు ఆజ్ఞను లెక్కచెయ్యకపోవడం
మధ్యవర్తిత్వం = ఇరుపక్షాల మధ్య ఉండి రాజీకి తోడ్పడడం

19.9 మీరేం నేర్చుకున్నారు

- తల్లిదండ్రుల హక్కుల కన్న బిడ్డ మేలు ముఖ్యం.
- కొత్త ఊరికి వచ్చినంత మాత్రాన బిడ్డ సాధారణ నివాసం మారదు.
- వేరే రాష్ట్రం వెళ్ళడం తప్పు కాదు. చెప్పకుండా వెళ్ళడం, కోర్టు ఉత్తర్వును మీరడం చిక్కులు తెస్తాయి.
- ఉత్తరంలో కారణం, తేదీ, బడి, చిరునామా, కలయిక, ఖర్చు, గడువు ఉండాలి. నిందలు ఉండకూడదు.
- మా ఎదుటివారిని విడిచిపెడుతుంది, మన కలుపుకుంటుంది.
- హింస ఉన్నచోట ముందు క్షేమం, తరవాత కాగితం.

19.10 పాఠాంత ప్రశ్నలు

1. "బిడ్డ వేళ్ళూనుకున్నది ఎక్కడ?" అన్న ప్రశ్న కోర్టుకు ఎందుకు ముఖ్యం? పాఠంలోని నిదర్శనంతో వివరించండి.
2. రెండు ఉత్తరాలనూ పోల్చి, మాటల్లోనూ క్రియారూపాల్లోనూ కనిపించే తేడాలను రాయండి.
3. ఇద్దరి ఉత్తరాలనూ ఆధారం చేసుకుని, వారు సంతకం చెయ్యవలసిన ఒప్పందాన్ని పది వాక్యాల్లో రాయండి.
4. ఇదే కుటుంబంలో పాప తండ్రి దగ్గర ఉంటూ, తండ్రికే విశాఖపట్నానికి బదిలీ అయిందనుకోండి. ఆయన తల్లికి రాయవలసిన ఉత్తరం రాయండి.
5. ఈ ఉత్తరాలు పాప పెద్దయిన తరవాత చదివితే మూడింటిలో ఏది ఆమెకు బాధ కలిగిస్తుంది? ఎందుకు?

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

19.1
1. బిడ్డ మేలు
2. సాధారణంగా నివసించే
3. 1999

19.2
1. తండ్రిని రావద్దని రాయడం వల్ల, బిడ్డను ఆయనకు దూరం చెయ్యాలనే ఉద్దేశం ఆమెకు ఉందని చూపడానికి ఆ ఉత్తరం పనికివస్తుంది.
2. బి షిఫ్టు వారాల్లో రాత్రి 8 గంటలకు మాట్లాడలేకపోవడం, ఆదివారం పార్కుకు వెళ్ళడానికి బదులు ఏర్పాటు లేకపోవడం. (నానమ్మ మాట రాసినా సరైనదే.)
3. "మన పాప" అన్నప్పుడు వినేవారికి కూడా ఆ పాప బిడ్డే. "మా పాప" అన్నప్పుడు వినేవారు ఆ బంధానికి బయట ఉంటారు.